చివరి పేరు

శాంటియాగో
14 మార్చి 2022

అన్నయ్యకు,

నువ్వూ, నీ కట్టెల పొయ్యీ, నీ పాచీ క్షేమమని తలుస్తాను. ఈమెయిలు పంపితే తెరవవు. ఫోను చేస్తే వాన చప్పుడులో వినబడలేదంటావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఈ ఉత్తరంలో సగం నీ చెల్లెలు రాసింది, సగం జాతీయ పత్రికా మూల్యాంకన మండలి దక్షిణ విభాగాధికారిణి రాసింది. ఏ సగం ఎవరిదో సులువుగానే తెలుస్తుంది. అధికారిణి నిన్ను తిట్టదు.

ముందు అధికారిణి. యంత్రం చదవలేనిదాన్ని ఇకమీదట పత్రికగా పరిగణించరాదని మండలి తీర్మానించింది. మండలి జాబితాలో లేని పత్రికకు విశ్వవిద్యాలయాలు గది, కాగితం, కరెంటు ఇవ్వనక్కర్లేదు. నువ్వు ముప్పై ఎనిమిదేళ్లుగా నడుపుతున్న 'దక్షిణ పాచి పత్రాలు' ప్రస్తుతం ఆ జాబితా అంచున వేలాడుతోంది. రాసేవాళ్ల దగ్గర గానీ చదివేవాళ్ల దగ్గర గానీ ఏమీ పుచ్చుకోని పత్రిక కావడంతో, దాని విలువ ఎంతో నిర్ణయించడం మా పట్టికలకు సాధ్యం కావడం లేదు. ఇలాంటి పత్రికలను హాల్విక్ అనే విదేశీ సంస్థ తన వేదిక మీదికి తీసుకుంటోంది. పాత సంచికలన్నిటినీ వాళ్లే స్కాన్ చేసి పెడతారు. పత్రిక నీదే, తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గర ఉంటుంది. సంతకం చేయవలసిందిగా సిఫారసు.

ఇప్పుడు చెల్లెలు. మొండికెయ్యకు అన్నయ్యా. డిసెంబరులో నువ్వు రిటైరవుతున్నావు. మర్నాడే ఆ గదిలో ఎవరో జిరాక్సు మిషను పెట్టుకుంటారు. పత్రిక బతకాలంటే ఎక్కడో ఒకచోట ఉండాలి కదా?

అమ్మ సమాధి రాయి మీద పాచి గీకించావా? పోయిన నవంబరులో పేరు సగం కనబడలేదు. పాచి మీద ఇన్ని వ్యాసాలు రాసినవాడి తల్లి రాయి అలా ఉంటే ఊళ్లో నవ్వుతారు.

ఉంటాను,
ఎలియానా


వాల్దీవియా
2 ఏప్రిల్ 2022

ఎలియానాకి,

నీ ఉత్తరంలో రెండు సగాలూ నన్ను తిట్టాయి. అధికారిణి కాస్త ఎక్కువ తిట్టింది.

నేను ఈమెయిలు తెరవకపోవడానికి కారణం ఉంది. రోజూ పొద్దున్నే ఎవరో తెలియనివాళ్లు నన్ను 'మహోన్నత పండితవర్యా' అని సంబోధించి, దంతవైద్యం మీదనో సిమెంటు మీదనో వ్యాసం రాసిమ్మని బతిమాలుతుంటారు. వారంలో అచ్చు వేస్తారట, రుసుము మాత్రం ముందు కట్టాలట. ఆ పెట్టె తెరిస్తే నిన్న మిగిలిన చేప ఉన్న గిన్నె మూత తీసినట్టుంటుంది.

అయినా నీ మాట తీసెయ్యలేక డీన్ గారి దగ్గరికి వెళ్లాను. జరిగిన సంభాషణను రికార్డు నిమిత్తం పొందుపరుస్తున్నాను.

"ప్రొఫెసర్ గారూ, పత్రిక ఇంకా పోస్టులోనే పంపుతున్నారా మీరు?"

"అవునండీ."

"ఎవరికి?"

"చదివేవాళ్లకి."

"అది కాదండీ, ఎంతమంది చదువుతున్నారని నేనడిగేది. లెక్క ఉండాలి కదా. క్లిక్కులు ఉండాలి."

"కొందరు చదివి ఉత్తరం రాస్తారండీ. తప్పులు చూపిస్తారు."

"అయ్యో, తప్పులెందుకండీ మధ్యలో!" అన్నారాయన, నిజంగా నొచ్చుకుని.

సంతకం చేశాను. ఒప్పందం పొడుగ్గా ఉంది. అందులో పాచి అన్న మాట ఒక్కచోటా లేదు. అంతటా 'సామగ్రి' అనే ఉంది.

ఆ సామగ్రిలో ఒక పేజీ ఉంది, నీకు తెలుసు. 1986 సంచికలో నేను వర్ణించిన కొత్త జాతి పాచి. మన బోర్డింగ్ ఇంటి వెనకున్న వాగులో దొరికింది. దానికి అమ్మ ఇంటిపేరు, మన్సీల్యా అని పెట్టాను. వర్షాకాలమంతా నిచ్చెనెక్కి, వంటింటి కత్తితో పైకప్పు చెక్కల మీది పాచి గీకుతూ బతికిన మనిషి, ఆ సంచిక చూసి ఏమందో గుర్తుందా? "లోకంలో కొడుకులు తల్లి పేరు పడవకి పెడతారు, కొట్టుకి పెడతారు. నువ్వు పాచికి పెట్టావా! నా జన్మంతా ఆ దరిద్రాన్ని వదిలించుకోడానికే సరిపోయింది కదరా!" అంది. వారం తిరక్కుండా ఆ పేజీ చింపి అలమరా తలుపుకి లోపలివైపు అతికించింది. ఉప్పు డబ్బా కోసం తెరిచినట్టు తెరిచి, అద్దెకొచ్చిన ప్రతివాడికీ చూపించేది.

ఆ పేజీని భద్రంగా చూసుకొమ్మని మీ హాల్విక్‌కి చెప్పు. నాకు వాళ్లతో ఇంకే పనీ లేదు.

రాయి గీకించాను. శ్మశానం కాపరి చేశాడు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. నేను పాచి గీకనని నీకు తెలుసుగా, వృత్తిధర్మం.

నీ అన్న,
అనీబల్


వాల్దీవియా
27 మే 2022

ఎలియానాకి,

ఈ కింది విషయం మీ మండలి దృష్టికి తేవడం నా విధి. విధి కాకపోయినా తెచ్చేవాణ్ణి.

మన స్పానిష్ భాషలో 'సంవత్సరం' అన్న మాటలో ఒక అక్షరం నెత్తిన చిన్న అల ఉంటుంది. అది తీసేస్తే ఆ మాట మనిషి వెనకవైపున ఉండే ఒక ద్వారానికి పేరవుతుంది. ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసిన సంగతి, అందుకే వాళ్లు ఏటా నవ్వుతారు. హాల్విక్ యంత్రం ఆ అలను కాగితం మీది మరకగా భావించి, అన్ని సంచికల నుంచీ శుభ్రంగా తుడిచేసింది. ఇప్పుడు లోకంలో ఎవరు మన పత్రిక తెరిచినా మొదట కనిపించేది 'గుదం 1, సంచిక 1'. ప్రస్తుతం మనం ముప్పై ఎనిమిదో గుదంలో ఉన్నాం.

వాళ్ల సహాయ కేంద్రంతో తెర మీద మాట్లాడాను. అవతల ఉన్నది మనిషో యంత్రమో తేల్చుకోలేకపోయాను. పేరు మాత్రం క్రిస్.

"మీ అసౌకర్యాన్ని మేము ఎంతో గౌరవిస్తున్నాం" అన్నాడు క్రిస్.

"అసౌకర్యం కాదు బాబూ, బూతు. ముఖపత్రం మీద ముప్పై ఎనిమిది చోట్ల బూతు ఉంది."

"ముప్పై ఎనిమిది అంశాలు గుర్తించాం. వీటిలో ఏది మీకు ఎక్కువ నచ్చింది?"

తెర కట్టేసి బయటికెళ్లి, చేపల బజారులో సముద్ర సింహాలు అరుస్తుంటే చాలాసేపు విన్నాను. వాటి అరుపులో కాస్త అర్థం ఉంది.

నువ్వు సంతకం చెయ్యమన్నావు. నేను చేశాను. ఫలితం మనిద్దరి పేరా నమోదు చేయడమైనది.

అనీబల్


శాంటియాగో
10 జూన్ 2022

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదువుతూ నవ్వాపుకోలేక, మెట్రోలో దిగవలసిన స్టేషను దాటిపోయినట్టు, ఒక మీటింగు దాటిపోయాను. క్షమించు. అల సంగతి రాసి పంపాను. వాళ్లు దాన్ని 'సౌందర్య సంబంధ ఫిర్యాదు' కింద చేర్చుకున్నారు.

నవ్వు ఇక్కడితో ఆపాలి. నిన్న నా బల్ల మీదికి ఒక నోటీసు వచ్చింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

'దక్షిణ పాచి పత్రాలు'లో ఏ. ఓయార్సున్ ప్రచురించిన వ్యాసం, హాల్విక్ హక్కులు కలిగిన ఆంగ్ల పత్రికలో 1998లో ఏ. మన్సీల్యా ప్రచురించిన వ్యాసంతో అత్యధికంగా సరిపోలుతున్నది. ఏ. ఓయార్సున్‌ను తాత్కాలికంగా గ్రంథచోరునిగా నిర్ధారించడమైనది. ఆరోపణ స్థిరపడిన పక్షంలో సదరు వ్యాసం ఉపసంహరించబడును. పత్రికను జాబితా నుంచి తొలగించుటకు సిఫారసు చేయబడును.

నీ వ్యాసం 1986 నాటిది కదా, పన్నెండేళ్లు ముందుగా ఎలా దొంగిలించావు అని చూశాను. స్కాన్ చేసి ఎక్కించిన రోజునే యంత్రం ప్రచురణ తేదీగా తీసుకుంది. అంటే నువ్వు ఈ ఏప్రిల్‌లో దొంగిలించావు.

అది సరే, నాకు అర్థం కానిది వేరే ఉంది. 1998లో నువ్వు ఉట్టి మన్సీల్యాగా ఎందుకు రాశావు? నాన్న ఇంటిపేరు ఏమైంది? ఆ ఏడాదే కదా నాన్నకీ నీకూ మాటలు ఆగిపోయింది. నాన్న మీద కోపంతోనే తీసేశావా? నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, ఫైల్లో మాత్రం ఏదో ఒకటి రాయాలి.

ఎలియానా


వాల్దీవియా
24 జూన్ 2022

ఎలియానాకి,

నాన్న మీద కోపంతో నేను నాన్నతోనే మాట్లాడలేదు. విదేశీ పత్రికల ముందు ఆయన్ని శిక్షించేంత దూరం పోలేదు. ఇలాంటి ఊహ నీకెలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ఇరవై నాలుగేళ్లు మనసులో పెట్టుకున్నావా దీన్ని?

జరిగింది ఇది. ఆంగ్ల పత్రికవాళ్లు ఒక దరఖాస్తు పంపారు. అందులో ఒక గడి ఎదురుగా 'చివరి పేరు' అని ఉంది. నా పేరు అనీబల్ ఓయార్సున్ మన్సీల్యా. ముందు నా పేరు, తరవాత నాన్న ఇంటిపేరు, చివర అమ్మ ఇంటిపేరు. ఈ దేశంలో పుట్టిన ప్రతివాడి పేరూ ఇలాగే ఉంటుంది. చివరి పేరు అడిగారు, చివరి పేరు రాశాను. వాళ్ల దేశంలో మనిషికి తల్లి వైపు పేరుండదనీ, చివరి పేరంటే తండ్రి పేరేననీ నాకెవరూ చెప్పలేదు. అడిగినదానికి సరైన జవాబిచ్చిన నేరానికి ఇద్దరు మనుషులనయ్యాను.

1998 వ్యాసం పాతదానికి ఆంగ్ల అనువాదం. అడుగున 'ఇది మొదట ఫలానా చోట ప్రచురితం' అని గమనిక ఉంది. యంత్రం అడుగున రాసినవి చదవదట.

నీకు అసలు ప్రమాదం అర్థమైనట్టు లేదు. 1986 పేజీ పోతే, ఆ పాచికి పేరు పెట్టింది మన్సీల్యా అనే ఆసామీ అవుతాడు. అంటే మన్సీల్యా తాను కనిపెట్టినదానికి మన్సీల్యా అని తన పేరే పెట్టుకున్నాడన్నమాట. మా శాస్త్రంలో ఎవడూ ఆ పని చెయ్యడు. అలా చెయ్యకూడదని ఎక్కడా రాసిలేదు. భోజనం బల్ల మీద ఉమ్మకూడదని కూడా ఎక్కడా రాసిలేదు. నామకరణ నియమాల ప్రకారం అచ్చయిన పేజీని ఎవడూ చెరపలేడు నిజమే. కానీ ఇప్పుడు నియమాలు చూసేవాడెవడు? తెర చూస్తారు. అమ్మ గౌరవార్థం పెట్టిన పేరు, తెర మీద కొడుకు డంబం కింద మిగిలిపోతుంది.

ఓయార్సునూ మన్సీల్యా ఒకడేనని, ఇద్దరికీ ఒకటే కడుపు, ఒకటే కీళ్లనొప్పి అని వాళ్లకి రాయి. అంతమాత్రం తలకెక్కకపోతే, ఆ ఓయార్సున్ చచ్చాడని రాసుకోమను. నాకు కంపరమెత్తుతోంది. వాన పడుతోంది. ఇంతసేపూ రాస్తూ కూర్చుంటే పెనం మీద గుమ్మడికాయ రొట్టెలు మాడిపోయాయి.

అనీబల్


శాంటియాగో
15 జూలై 2022

అన్నయ్యకు,

శుభవార్త. కేసు మూసేశారు. పత్రిక జాబితాలో నిలబడింది.

నీ గత ఉత్తరం కన్నా మంచి సాక్ష్యం నేను రాయలేకపోయాను. అందుకని దాన్నే ఫైలుకి జతచేశాను. ఇద్దరూ ఒకరేనని స్వయంగా రాసిన కాగితం, కింద సంతకంతో సహా. స్కాన్ చేసి యంత్రానికిచ్చిన రెండు రోజులకే 'పరిష్కృతం' అని వచ్చింది. ఎలా పరిష్కరించారో రాయలేదు. కారణం చెప్పకుండా మంచి జరిగినప్పుడు కారణం అడగకూడదని మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది.

నాన్న గురించి అలా అని ఉండకూడదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం టీలోకి మంచి రొట్టె తెచ్చుకుని, నా తరఫున కూడా ఒకటి తిను.

ఎలియానా


వాల్దీవియా
29 జూలై 2022

ఎలియానాకి,

నేను చనిపోయాను.

ఈ సంగతి నాకు మొదట చేపల బజారులో తెలిసింది. నేను ఎప్పుడూ చేపలు కొనే దోన్యా ఎర్మెలిందా నన్ను చూసి కత్తి కింద పెట్టేసింది.

"ఇదేంటి ప్రొఫెసర్ గారూ! మీరు పోయారంట కదా? యూనివర్సిటీ రేడియోలో చెప్పారే!"

"పోలేదమ్మా."

"మరి పొద్దుట్నుంచీ విచారపు పాటలు వేస్తున్నారు?" అని, కాస్త ఆలోచించి, "అయితే మామూలుగానే రెండు ముక్కలు కొట్టమంటారా?" అంది.

ఈ మొత్తం వ్యవహారంలో నేను బతికున్నానన్న ఆధారంతో నడుచుకున్న అధికారి ఆమె ఒక్కతే.

విశ్వవిద్యాలయం జెండా సగానికి దించి ఉంది. డీన్ గారు నడవాలో ఎదురై, నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. "మీరిలా అందరికీ కనబడుతూ తిరిగితే బాగుండదండీ. నాలుగింటికి సంతాప సభ పెట్టుకున్నాం. దండ కూడా వచ్చేసింది."

"నేను బతికే ఉన్నానుగా?"

"ఉన్నారండీ, ఎవరు కాదన్నారు? కానీ హాల్విక్ నుంచి వచ్చేసిందిగా. సిస్టంలో మార్చాక కదా మేమైనా చెయ్యగలిగేది."

సభలో వెనక వరసలో కూర్చున్నాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నా మీద యంత్రం రాసిన సంతాప వ్యాసం చదివారు. 'పాచి శాస్త్రానికి ఈ గుదంలో జరిగిన అతి పెద్ద లోటు' అని ఉంది. చదువుతున్నావిడ ఆ మాట దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, ఉన్నదే చదివింది.

ఎలా చచ్చానో ఇప్పుడు విను. నువ్వు నా ఉత్తరాన్ని నన్నడక్కుండా యంత్రానికి తినిపించావు. అది ఉత్తరమంతా వదిలేసి 'ఓయార్సున్ చచ్చాడని రాసుకోమను' అన్న ఒక్క ముక్క పట్టుకుని, చెప్పినట్టే రాసుకుంది. నిందితుడు మరణించాడు కనుక విచారణ లేదు. మృతుని వ్యాసాన్ని 'సగౌరవంగా' ఉపసంహరించారు. తెర మీద 1986 పేజీ ఉన్నచోట ఇప్పుడు ఖాళీ బూడిదరంగు గడి ఉంది. మన్సీల్యా పాచిని కనిపెట్టిందీ, పేరు పెట్టిందీ ఏ. మన్సీల్యా. ఎడిన్‌బరో నుంచి ముక్కూ మొహం తెలియని ఒకాయన అప్పుడే ఆ మన్సీల్యాకి ఉత్తరం రాశాడు. 'సొంత పేరు పెట్టుకోవడం మీ దేశంలో ఆచారమా?' అని అడిగాడు, మర్యాదగా.

పత్రిక నిలబడిందని శుభవార్త రాశావు. దాని కింద ఎవరున్నారో వంగి చూడలేదు.

అనీబల్


శాంటియాగో
12 ఆగస్టు 2022

అన్నయ్యకు,

నీ మరణానికి మండలి బాధ్యత వహించదు. ఇది అధికారిణి మాట, ఆమెతో చెప్పించారు. చెల్లెలు నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నిన్ను బతికించడానికి చేసిన ప్రయత్నాలివి. హాల్విక్‌కి రాశాను. మరణవార్త తప్పని రుజువు చేసే దరఖాస్తు సంబంధిత రచయితే తన ఖాతా నుంచి పెట్టుకోవాలట. మరణించినవారి ఖాతాలు మూసేస్తారట. తరవాత మా అధ్యక్షుడి గదికి వెళ్లాను.

"ఎలియానా గారూ, కేసు మూసేశాం. పత్రిక ఉంది. పాచికి పేరుంది. ఇంక ఎవరికి నష్టం చెప్పండి?"

"మా అన్నయ్యకి."

"ఆయన పోయారు కదండీ!" అన్నాడు. కళ్లలో నిజమైన సానుభూతి ఉంది. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

ఇప్పుడు నా మాట కాస్త నెమ్మదిగా విను. జాబితా సెప్టెంబరు నెలాఖరున ఖాయమవుతుంది. దక్షిణ విభాగం కింద సంతకం పెట్టాల్సింది నేనే. ఈలోగా కేసు మళ్లీ తెరిస్తే, చోరీ ఆరోపణ బతుకుతుంది, పత్రిక పోతుంది. నువ్వు అప్పటిదాకా చనిపోయే ఉంటే పత్రిక జాబితాలోకి ఎక్కుతుంది. తరవాత నిదానంగా నిన్ను లేపుకుందాం. ఒక్క పేజీ పోతే పోయింది అన్నయ్యా. ముప్పై ఎనిమిదేళ్ల పత్రిక మిగులుతుంది.

ఎలియానా


వాల్దీవియా
2 సెప్టెంబరు 2022

దక్షిణ విభాగాధికారిణి గారి సముఖమునకు,

దివంగత అనీబల్ ఓయార్సున్ విన్నవించుకొనునది.

తమరు 12వ తేదీన రాసిన లేఖ అందినది. అందులో 'ఒక్క పేజీ' అని తమరు ప్రస్తావించిన పేజీ, తమ తల్లిగారు అలమరా తలుపుకు లోపలివైపు అతికించుకొన్న పేజీయేనని గుర్తించి, చనిపోయినవాడు చేయగలిగినంత ఆశ్చర్యపోయినాడు. మిగిలిన ముప్పై ఎనిమిదేళ్ల పత్రికకు ఆ పేజీని అచ్చు వేసినందువల్ల మాత్రమే ఏదైనా గౌరవం ఉన్నదని అతని అభిప్రాయం.

కావున అతడు పత్రికను హాల్విక్ నుంచి ఉపసంహరించుకొనుటకు నోటీసు ఇచ్చినాడు. వచ్చిన జవాబు ప్రకారం, అతడు పోవచ్చును. పత్రిక పోరాదు. 'దక్షిణ పాచి పత్రాలు' అన్న పేరు కూడా సామగ్రిలో భాగమేనట. పాచి మాత్రం ఇంకా తనదేనని అతడు భావిస్తున్నాడు. ఇంతవరకు దానిమీద ఎవరూ హక్కు కోరలేదు.

అందుచేత ఇకముందు పేరు లేని పత్రికను కాగితం మీద అచ్చు వేయదలచినాడు. మొదటి సంచికలో 1986 నాటి పేజీని యథాతథంగా పునర్ముద్రిస్తున్నాడు. సంవత్సరం అన్న మాట మీది అలను వీలైనంత పెద్ద అక్షరంలో పోయమని ప్రెస్సువాడికి చెప్పినాడు.

తమరు నిశ్చింతగా సంతకం చేసుకొనవచ్చును.

చిత్తగించవలెను,
(స్వర్గస్థుడు)


శాంటియాగో
7 అక్టోబరు 2022

అన్నయ్యకు,

నీ పేరులేని పత్రిక చేరింది. అట్ట మీద ఆ అల మరీ సముద్రంలా ఉంది. ఆఫీసు బల్ల మీద పెడితే అటెండరు దాని మీద కాఫీ పెట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

మొన్న నెలాఖరున జాబితా నా ముందుకొచ్చింది. దక్షిణ విభాగం కింద సంతకం పెట్టే చోటు పక్కన 'వ్యాఖ్యలు' అని చిన్న గడి ఉంటుంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ నింపగా నేను చూడలేదు. నేను నింపాను. "ఓయార్సునూ మన్సీల్యా ఒకే మనిషి. బతికే ఉన్నాడు. 1986 పేజీ అతనిదే. అందులోని పేరు మా అమ్మది. ఇది నాకెలా తెలుసంటే నేను అతని చెల్లెల్ని" అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడే యంత్రం నుంచి నిర్ణయం వచ్చింది. 'ఈ. మన్సీల్యాకూ ఏ. మన్సీల్యాకూ బంధుత్వం కనుగొనబడినది. ప్రయోజన సంఘర్షణ దృష్ట్యా ఈ. మన్సీల్యాను మూల్యాంకనం నుంచి తప్పించడమైనది. ఈ. మన్సీల్యాకూ దివంగత ఏ. ఓయార్సున్‌కూ ఎటువంటి సంబంధమూ కనబడలేదు.' ఈ. మన్సీల్యా అంటే నేను. ఏ దరఖాస్తులోనూ నేను చివరి పేరొక్కటే రాయలేదు. నా పూర్తి పేరును యంత్రం దానంతట అదే కత్తిరించుకుంది.

ఇప్పుడు నేను లిఫ్టుల నిర్వహణ విభాగంలో ఉన్నాను. లిఫ్టులు పైకి వెళతాయి, కిందికి వస్తాయి. ఇక్కడికొచ్చాక మొదటిసారి నా పనికి అర్థం కనబడుతోంది.

నువ్వు లేకుండానే 'దక్షిణ పాచి పత్రాలు' కొత్త సంచిక వెలువడింది. నాలుగు వ్యాసాలున్నాయి. ఒంటె పాల నిల్వ మీద ఒకటి, ఆసుపత్రి పార్కింగు మీద ఒకటి. మిగిలిన రెండిటి శీర్షికలు నాకు అర్థం కాలేదు, రాసినవాళ్లకు కూడా అర్థమై ఉండవు. పాచి గురించి ఒక్క మాటా లేదు. జాబితాలో మాత్రం రెండు మెట్లు పైకి జరిగింది. క్లిక్కులు బాగున్నాయట.

'ఒక్క పేజీ' అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇంతకన్నా ఎలా రాయాలో నాకు తెలియదు.

కొత్త విభాగంలో సెలవు దొరకదు. సమాధుల పండక్కి రాలేను. అమ్మ రాయి నువ్వే చూసుకోవాలి.

నీ చెల్లెలు,
ఎలియానా ఓయార్సున్ మన్సీల్యా


వాల్దీవియా
3 నవంబరు 2022

చెల్లీ,

నీ సంతకం చూశాను. రెండు పేర్లూ ఉన్నాయి. ఇంక ఆ పేజీ సంగతి మళ్లీ ఎత్తకు, హాయిగా నిద్రపో.

ముందు అధికారిక విషయాలు. హాల్విక్ నుంచి దివంగత ఓయార్సున్‌కి ఆహ్వానం వచ్చింది. మరణానంతరం అతని వ్యాసాలకు గిరాకీ పెరిగిందట. అందుకని వచ్చే గుదంలో ఒక ప్రత్యేక సంచికకు సంపాదకత్వం వహించమని కోరారు. సంపాదకుడికి రుసుములో రాయితీ ఉంటుందట. జవాబివ్వలేదు. మన్సీల్యాకి ఏ ఆహ్వానమూ లేదు, వాడి ప్రవర్తన బాగా లేదు.

ఎడిన్‌బరో ఆయనకి పేరులేని సంచిక ఒకటి పోస్టులో పంపాను. పోయిన వారం జవాబొచ్చింది. అమ్మగారికి నమస్కారాలు చెప్పమన్నాడు. చివర్లో, మూడో పేరాలో ఒక కొలత తప్పుందని చూపించాడు. నిజమే, తప్పుంది. ముప్పై ఆరేళ్లుగా ఎవరూ పట్టుకోలేదు. ఆ పూటంతా ఎంత సంతోషంగా గడిచిందో చెప్పలేను.

మొన్న సమాధుల దగ్గరికి వెళ్లాను. వాన ఆగి ఆగి పడుతోంది. కాపరి చేతిలో పని ఎక్కువై, "మీ వంతు సాయంత్రమే సార్" అన్నాడు. అమ్మ రాయి ఈసారి మొత్తం మూసుకుపోయింది, ఒక్క అక్షరం లేదు. భూతద్దం పెట్టి చూశాను. నీకు ఆశ ఉంటుందని చెబుతున్నాను, అది మన్సీల్యా పాచి కాదు. ఊళ్లో ప్రతి గోడ మీదా మొలిచే మామూలు రకం. దానికి అమ్మ ఎవరో తెలియదు.

కాపరి కోసం ఆగలేదు. ఇంటి నుంచి వస్తూ అమ్మ వంటింటి కత్తి జేబులో వేసుకొచ్చాను, ఎందుకో తెలియకుండానే. మోకాళ్ల మీద కూర్చుని గీకాను. పాచిని గీకడం జీవితంలో ఇదే మొదలు. అమ్మ చూస్తే కత్తి అలా కాదు ఇలా పట్టుకోవాలని తిట్టి ఉండేది. ముందు 'దోమితీలా మన్సీల్యా' బయటపడింది. తరవాత 'ఓయార్సున్ గారి భార్య'. అట్టడుగున, కాపరి ఎప్పుడూ గీకకుండా వదిలేసే చోట, నేను మరిచేపోయిన వరస ఒకటి బయటికొచ్చింది. 'పిల్లలు: అనీబల్, ఎలియానా, ఓయార్సున్ మన్సీల్యా.'

మన పేర్లు తల్లీతండ్రీతో సహా సరిగ్గా అచ్చయిన ప్రచురణ ఇప్పుడు అదొక్కటే మిగిలింది. అడుగున రాసినది కూడా అక్కడ చదువుతారు. దాన్ని యంత్రం చదవలేదు కాబట్టి, మీ తీర్మానం ప్రకారం అది పత్రిక కాదు. అందుచేత దాన్ని ఎవరూ కొనరు.

సెలవు దొరికినప్పుడు రా. ఈసారి రొట్టెలు మాడనివ్వను.

నీ అన్నలిద్దరూ,
అనీబల్ ఓయార్సున్ మన్సీల్యా